కాలిబాట ఉంది, వెళ్లే చోటేది?

అమెరికాలో కొడుకు దగ్గరో కూతురి దగ్గరో ఆరు నెలలుండి వచ్చిన తల్లిదండ్రులను ఊరెలా ఉందని అడిగి చూడండి. ఊరు శుభ్రంగా ఉంది, ఎటు చూసినా చెట్లే, పొద్దునా సాయంత్రమూ హాయిగా వాకింగ్ చేశాం అంటారు. ఆ వెంటనే, పిల్లలు కారు తీస్తే తప్ప ఎక్కడికీ కదల్లేకపోయామని కూడా అంటారు. రోజుకు రెండుసార్లు నడిచిన మనిషి కదల్లేకపోయామనడం పైకి వింతగా ఉంటుంది. నిజానికి అందులో వింతేమీ లేదు. పట్టణాల నడక మీద పరిశోధన చేసేవారు కొన్ని దశాబ్దాలుగా చెబుతున్న సంగతినే ఆ పెద్దవాళ్లు తమ మాటల్లో చెబుతున్నారు. ఒంటికి మంచిదని నడవడం ఒకటి, పని మీద నడవడం మరొకటి. మొదటిదానికి మంచి బాట ఉంటే చాలు. రెండోదానికి బాటతో పాటు, ఆ బాట చివర కూరగాయల కొట్టో బస్టాపో గుడో గ్రంథాలయమో ఉండాలి.

ఈ తేడాను అర్థం చేసుకోవడానికి నార్త్ కరోలినా రాష్ట్రంలోని క్యారీ మంచి ఉదాహరణ. తెలుగువారికి బాగా తెలిసిన ఊరు. ఇక్కడి శ్రీ వేంకటేశ్వరాలయానికి 87 అడుగుల గోపురం ఉంది. 2022 దీపావళి నాడు ఆ రాష్ట్ర అప్పటి గవర్నరు రాయ్ కూపర్ దాన్ని ప్రారంభించారు. ఊరి జనాభాలో సుమారు ఐదో వంతు ఆసియా మూలాలున్నవారే. సగటు అమెరికా పట్టణంతో పోలిస్తే సంపన్నమైన ఊరు. చెరువుల పక్కనా వాగుల వెంటా చెట్ల నీడన సాగే గ్రీన్‌వేలనే నడకదారులు 80 మైళ్లకు పైగా ఉన్నాయి. ఇన్ని ఉన్నా, ఇంట్లో పాలు అయిపోతే నడిచి వెళ్లి తెచ్చుకోగలిగే ఇళ్లు ఈ ఊళ్లో తక్కువే. దీనికి కారణం ఊరి పటంలో ఉంది.

రైలు ఊరు, కారు ఊరు

క్యారీ 1871లో పట్టణంగా నమోదైంది. ఫ్రాంక్ పేజ్ అనే కలప వ్యాపారి రైలు మార్గం పక్కన స్థలం కొని, మిల్లు పెట్టి, హోటలు కట్టి ఊరికి పునాది వేశాడు. మద్యపాన వ్యతిరేక ఉద్యమ నాయకుడు శామ్యూల్ ఫెంటన్ క్యారీ మీది అభిమానంతో ఆయన పేరే పెట్టాడు. రైల్వే స్టేషను చుట్టూ చిన్న చిన్న వీధులు, ఒకదాన్నొకటి కోసుకుపోయే కూడళ్లు ఉండేవి. ఊరంతా కాలినడకన తిరిగేటంత చిన్నది. 1960లో కూడా జనాభా 3,356 మాత్రమే.

అంతకు ముందు ఏడాదే, 1959లో, రాలీ, డర్హమ్, చాపెల్ హిల్ పట్టణాల మధ్య రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ మొదలైంది. కంపెనీలు రావడం, ఉద్యోగులు రావడం, వాళ్లకు ఇళ్లు కావలసి రావడం వరసగా జరిగిపోయాయి. 1970ల్లో కిల్డేర్ ఫార్మ్స్ వంటి పెద్ద ప్రణాళికాబద్ధ కాలనీలు వెలిశాయి. 2000 నాటికి జనాభా 94,536, 2020 లెక్కల్లో 1,74,721. అరవై ఏళ్లలో ఊరు యాభై రెట్లు పెరిగింది. ఆ పెరిగినదంతా కారును దృష్టిలో పెట్టుకుని పెరిగింది.

ఇందులో చట్టం పాత్ర కూడా ఉంది. నివాసాలకు ఒక చోటు, దుకాణాలకు ఒక చోటు, ఆఫీసులకు మరో చోటు అని ఊరిని విడగొట్టి గీసే జోనింగ్ పద్ధతికి అమెరికా సుప్రీంకోర్టు 1926లో యూక్లిడ్ కేసులో ఆమోదముద్ర వేసింది. ఫ్యాక్టరీ పొగ ఇళ్ల మీదికి రాకుండా చూడాలన్న ఆలోచన మంచిదే. అయితే అదే గీత కిరాణా కొట్టును, మంగలి షాపును, టిఫిన్ సెంటరును కూడా ఇళ్ల మధ్య నుంచి పంపేసింది. మన ఊళ్లలో మేడ మీద ఇల్లు, కింద కొట్టు మామూలు సంగతి. క్యారీలోని చాలా కాలనీల్లో అలా పెట్టడానికి అనుమతి ఉండదు.

ఫలితం 2002లో అంకెల్లో బయటపడింది. ఊళ్లు ఎంత చెల్లాచెదురుగా పరుచుకున్నాయో కొలుస్తూ స్మార్ట్ గ్రోత్ అమెరికా సంస్థ ప్రచురించిన అధ్యయనంలో, క్యారీ కూడా భాగమైన రాలీ–డర్హమ్ ప్రాంతానికి దేశం మొత్తంలో మూడో స్థానం దక్కింది. ఈ పోటీలో ముందుండటం గొప్పేమీ కాదు.

చెట్టులాంటి పటం, వలలాంటి పటం

దుకాణం ఎంత దూరమన్నది సగం ప్రశ్నే. ఆ దూరాన్ని కాళ్లు ఎలా దాటాలన్నది మిగతా సగం. ఇక్కడ కొంచెం గణితం అవసరం పడుతుంది.

చదరంగం పలకలా వీధులు వేసిన ఊరిని ఊహించుకోండి. ఒక చోటు నుంచి ఇంకో చోటికి పక్షి ఎగిరే సూటి దూరాన్ని, మనిషి వీధుల వెంట నడిచే దూరాన్ని పోల్చి చూస్తే, ఎంత చుట్టు తిరగాల్సి వచ్చినా నడక దూరం సూటి దూరానికి 1.41 రెట్లకు మించదు. అన్ని దిక్కులకూ సగటు తీస్తే సుమారు 1.27 రెట్లు. అంటే అర కిలోమీటరు సూటి దూరంలో ఉన్న కొట్టుకు సగటున 635 మీటర్లు నడిస్తే చాలు. పది నిమిషాల లోపు పని.

కల్-డి-సాక్‌ల కాలనీలో లెక్క మారిపోతుంది. కల్-డి-సాక్ అంటే చివర గుండ్రంగా మూసుకుపోయే వీధి. కార్ల రద్దీ ఉండదు కాబట్టి పిల్లలు ఆడుకోవచ్చు. ఇళ్లు కొనేవారికి అందుకే ఇష్టం. కానీ అలాంటి వీధులు కలిసి ఒక పెద్ద వీధిలోకి, అది ఇంకా పెద్ద రోడ్డులోకి చేరతాయి. కొమ్మ నుంచి పక్క కొమ్మకు పోవాలంటే మాను దాకా దిగి మళ్లీ ఎక్కాల్సిందే. వెనక పెరళ్ల కంచె ఒకటే అయిన రెండు ఇళ్ల మధ్య కూడా నడక దూరం సూటి దూరానికి పది ఇరవై రెట్లు కావచ్చు.

ఈ తేడాను ఒకే అంకెలో పట్టుకునే ఉపాయం ఉంది. కాలనీలోని వీధి ముక్కలను లెక్కపెట్టి, కూడళ్లూ మూసుకుపోయే చివరలూ కలిపి ఎన్నున్నాయో ఆ సంఖ్యతో భాగించాలి. దీన్ని అనుసంధాన సూచీ అంటారు. పటం పూర్తిగా చెట్టులా ఉంటే, 100 బిందువులను కలపడానికి 99 ముక్కలు చాలు. సూచీ 0.99. పది అడ్డం, పది నిలువు గీతల వలలో 100 కూడళ్లు, 180 వీధి ముక్కలు ఉంటాయి. సూచీ 1.8. వల పెద్దదయ్యేకొద్దీ అది 2కు దగ్గరవుతుంది.

ఈ కొలత విషయంలో క్యారీకి పట్టణ ప్రణాళికల పుస్తకాల్లో చోటుంది. కొత్త కాలనీలకు సూచీ కనీసం 1.2 ఉండాలని 1999లోనే నిబంధన పెట్టిన ఊళ్లలో ఇదొకటి. ఏదైనా కాలనీకి మినహాయింపు ఇస్తే, మూసుకుపోయే వీధుల చివరలను కలుపుతూ నడకదారైనా వేయాలన్న షరతూ పెట్టారు. అప్పటికి దేశంలో చాలా పట్టణాలకు ఈ ఆలోచనే లేదు. ఆ ముందుచూపును మెచ్చుకోవాలి. అయితే 1.2 అంటే ఏమిటో కూడా చూడాలి. 100 బిందువులకు 120 వీధి ముక్కలన్న మాట. చెట్టు కంటే 21 ఎక్కువ, వల కంటే 60 తక్కువ. పైగా నిబంధన కొత్త కాలనీలకే వర్తిస్తుంది. అంతకు ముందు పాతికేళ్లలో వేసిన వీధులు అలాగే ఉన్నాయి. ఇళ్లను పడగొట్టి మళ్లీ కట్టడం తేలిక. వీధి ఒకసారి పడిందంటే శతాబ్దాల పాటు ఉంటుంది.

నడకను కొలిచే కొలబద్దలు

మనుషులు నడవడానికి ఊరిలో ఏమేం ఉండాలి? 1997లో రాబర్ట్ సెర్వెరో, కారా కాకెల్మన్ మూడు అంశాలు చెప్పారు. జనసాంద్రత, రకరకాల వాడకాలు కలగలిసి ఉండటం, వీధుల అమరిక. తర్వాత వీటికి గమ్యాలు అందుబాటులో ఉండటం, బస్సో రైలో ఎక్కే చోటు ఎంత దూరమన్నదీ చేరాయి. 2010లో రీడ్ యూయింగ్, సెర్వెరో కలిసి అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను గుదిగుచ్చి, ఏది ఎంత ప్రభావం చూపుతుందో తేల్చారు. జనం దట్టంగా ఉంటే నడక పెరుగుతుందని అందరూ అనుకుంటారు. అది బలహీనమైన కారణాల్లో ఒకటిగా తేలింది. కూడళ్ల సాంద్రత 10 శాతం పెరిగిన చోట నడక దాదాపు 4 శాతం ఎక్కువ కనిపించింది. ఇళ్ల సాంద్రత అంతే పెరిగిన చోట 1 శాతం కూడా లేదు. దుకాణం దగ్గరగా ఉండటం వీటి మధ్య నిలిచింది. ఇరవై అంతస్తుల అపార్టుమెంట్లు కట్టి, చుట్టూ ప్రహరీ గోడ లేపి, ఒకే ఒక్క గేటు పెడితే జనసాంద్రత వస్తుంది గాని నడక రాదన్నమాట. హైదరాబాదు పడమటి అంచున ఉండేవారికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈ అవగాహనతోనే జాతీయ నడక సూచీని తయారు చేసింది. దేశంలోని ప్రతి చిన్న జనగణన ప్రాంతానికీ 1 నుంచి 20 దాకా మార్కు వేస్తుంది. కూడళ్ల సాంద్రతకు మూడో వంతు, బస్టాపు దగ్గరగా ఉండటానికి మూడో వంతు, ఉద్యోగాలూ ఇళ్లూ కలగలిసి ఉండటానికి మిగతా మూడో వంతు. ఇళ్ల ప్రకటనల్లో కనిపించే వాక్ స్కోరు పద్ధతి వేరు. అది 2007లో సియాటిల్‌లో పుట్టింది. నడిచి చేరగల దుకాణాలు, బడులు, పార్కులు లెక్కగట్టి నూటికి మార్కులేస్తుంది. అయిదు నిమిషాల నడకలో ఉన్నదానికి పూర్తి మార్కులు, అరగంట దాటితే సున్నా. ఈ లెక్కన క్యారీ మొత్తం మీద కారు లేకపోతే గడవని ఊళ్ల కోవలోకే వస్తుంది. స్టేషను చుట్టూ ఉన్న పాత ఊరికి మంచి మార్కులే పడతాయి.

ఈ కొలబద్దలు చూడనివి కూడా తెలుసుకోవాలి. జాతీయ నడక సూచీలో కాలిబాట ఉందా లేదా అన్న ప్రశ్నే లేదు. దేశమంతటికీ ఆ వివరం ఒకే రకంగా దొరకదు కాబట్టి దాన్ని కలపలేదు. వాహనాల వేగం లేదు, నీడ లేదు, రాత్రి వెలుతురు లేదు. కనుక ఎక్కువ మార్కులొచ్చిన పేట నడకకు అనువైనదేనని వెంటనే తీర్మానించలేం. సెయింట్ లూయిస్ నగరంలో కాలిబాటలను అడుగడుగునా పరిశీలించిన పరిశోధకులు 2007లో ఒక సంగతి ప్రచురించారు. నల్లజాతివారు ఎక్కువగా ఉండే పేటల్లో కాలిబాటలు మిగతా చోట్ల కంటే ఎన్నో రెట్లు ఎగుడుదిగుడుగా, అడ్డంకులతో ఉన్నాయి. పాత పేటలు కాబట్టి కూడళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, సూచీలో మార్కులు బాగానే పడతాయి. నడిచే కాలికి మాత్రం పగిలిన రాయి తగులుతుంది.

ఊరు నడిపిస్తుందా, నడిచేవారే ఆ ఊరికి పోతారా?

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. నడక ఇష్టమున్నవాళ్లే నడవడానికి వీలున్న ఊళ్లు చూసుకుని చేరుతున్నారేమో! అప్పుడు గొప్ప మనుషులది, ఊరిది కాదు. ఈ చిక్కు తేల్చడానికి మనుషులను యాదృచ్ఛికంగా ఊళ్లకు పంచి పెట్టి ప్రయోగం చేయలేం కదా.

జేబులోని ఫోన్లు దారి చూపాయి. టిమ్ ఆల్థాఫ్ బృందం 2017లో ‘నేచర్’ పత్రికలో 111 దేశాలకు చెందిన 7 లక్షలకు పైగా మనుషుల అడుగుల లెక్కలు ప్రచురించింది. హాంకాంగ్‌లో రోజుకు సగటున 6,880 అడుగులు. అమెరికాలో 4,774, మనదేశంలో 4,297. ఆ సగటుల కంటే వాటి వెనక ఉన్న పంపిణీ ముఖ్యమని ఆ పరిశోధకులు చూపించారు. ఆదాయంలో అసమానతను ఎలా కొలుస్తారో, అడుగుల్లో అసమానతను అలాగే కొలిచారు. కొందరు చాలా నడిచి, కొందరు బొత్తిగా నడవని దేశాల్లో ఊబకాయం ఎక్కువగా ఉంది. అసమానత పెరిగే కొద్దీ ఎక్కువ నష్టపోయేది ఆడవాళ్ల అడుగులే. అమెరికాలోని 69 నగరాలను పోల్చినప్పుడు, నడకకు వీలున్న నగరాల్లో ఈ అసమానత తక్కువగా ఉంది. మంచి వీధి అప్పటికే బాగా నడిచేవారి చేతనే ఇంకాస్త నడిపించడం కాదు, వెనకబడిన వారిని ముందుకు తెస్తుందన్నమాట.

పాత అభ్యంతరానికి జవాబు 2025లో వచ్చింది. అదే వరస పరిశోధనలో, అమెరికాలోని 1,609 ఊళ్ల మధ్య ఇల్లు మారిన 5,424 మందిని ఎంచుకున్నారు. మనిషి అదే, ఫోను అదే, మారింది ఊరొక్కటే. నడకకు అంతగా వీలులేని ఊరి నుంచి బాగా వీలున్న ఊరికి మారినవారి లెక్కలో రోజుకు దాదాపు 1,100 అడుగులు పెరిగాయి. తిరుగు దారిలో వెళ్లినవారికి అదే మేరకు తగ్గాయి. నడిచే స్వభావం ఉన్నవాళ్లు నడవడానికి వీలున్న ఊళ్లు ఎంచుకోవడం ఉండొచ్చు. దాన్ని పక్కన పెట్టినా ఊరి ప్రభావం మిగిలే ఉంది.

రెండు కార్ల ఇంట్లో కారు లేని మనిషి

ఇక న్యాయం మాట. నడవడానికి వీలులేని ఊరు అందరికీ ఒకేలా వీలులేనిది కాదు. కారు తాళం జేబులో ఉన్నవారికి క్యారీ చాలా సౌకర్యమైన ఊరు. ఈస్ట్ చాథమ్ వీధిలోని భారతీయ దుకాణాలకో, గుడికో, క్రికెట్ ఆడటానికి పక్కనున్న మోరిస్‌విల్‌కో కొద్ది నిమిషాల్లో చేరిపోతారు. తాళం లేనివారికి అవే మైళ్లు ప్రయాణంగా మారతాయి. ఉదాహరణకు పడమటి వైపు ఆంబర్లీ వంటి కాలనీల నుంచి గుడికి నడిచి వెళ్లడం గురించి ఎవరూ ఆలోచించరు.

కారు లేనివారెవరు? హోటల్ వంటగదిలో, సూపర్‌మార్కెట్లో, ఇళ్లు శుభ్రం చేసే పనిలో ఉండి, ఇక్కడి అద్దెలు భరించలేక పక్క ఊళ్ల నుంచి వచ్చే కార్మికులు మొదట గుర్తుకు రావాలి. వాళ్లకు గోక్యారీ బస్సులున్నాయి. తప్పిపోతే తర్వాతి బస్సుకు అరగంటో గంటో ఆగాలి. బస్సు దిగాక పని చోటికి మళ్లీ పెద్ద రోడ్డు దాటాలి. ఇంటి బడ్జెట్లో కారు, బీమా, పెట్రోలు ఎంత భారమో, అవి లేకుండా ఉద్యోగానికి వెళ్లడం అంతకంటే భారం.

రెండో గుంపు లెక్కల్లో కనిపించదు. అమెరికా సెన్సస్ సర్వేలో ఇంట్లో ఎన్ని వాహనాలున్నాయని అడుగుతారు. పర్యావరణ సంస్థ సూచీ తయారైన అదే సమాచార నిధిలో కారులేని ఇళ్ల శాతం కూడా ఉంది. కాబట్టి నడక మార్కును, కారులేమిని ఒకదాని మీద ఒకటి పెట్టి, ఏ పేటకు ముందు డబ్బు ఖర్చు పెట్టాలో తేల్చవచ్చు. మంచి పద్ధతే. అయితే ఆ ప్రశ్న ఇంటిని అడుగుతుంది, మనిషిని అడగదు. రెండు కార్లున్న ఒక తెలుగు ఇంటిని చూడండి. పొద్దున తొమ్మిదింటికి రెండు కార్లూ ఆఫీసులకు వెళ్లిపోతాయి. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చిన అమ్మానాన్నలు, బడి నుంచి వచ్చే పిల్లాడు ఇంట్లో ఉంటారు. ఇంకో ఇంట్లో ఒక్క కారు భర్త వెంట పోతే, ఆశ్రిత వీసా మీద వచ్చి ఇంకా లైసెన్సు తీసుకోని భార్య ఉంటుంది. సర్వే దృష్టిలో ఇవి కార్లున్న ఇళ్లు. పగలంతా ఆ ఇళ్లలో ఉన్నవారు మాత్రం కారు లేని మనుషులు. న్యాయాన్ని ఇంటి లెక్కన కొలిస్తే వీళ్లు మాయమైపోతారు. మనిషి లెక్కన, పగటి పూట లెక్కన కొలవాలి.

మనిషి మారితే ప్రమాదం కూడా మారుతుంది. రోడ్డు భద్రత మీద పనిచేసే ఏఏఏ ఫౌండేషన్ తరఫున బ్రయాన్ టెఫ్ట్ 2011లో వేసిన లెక్క ప్రకారం, గంటకు 23 మైళ్ల వేగంతో వాహనం గుద్దితే పాదచారి చనిపోయే అవకాశం 10 శాతం. 42 మైళ్ల దగ్గర 50 శాతం. క్యారీలో కాలనీలను కలిపే డేవిస్ డ్రైవ్ వంటి పెద్ద రోడ్ల మీద వేగ పరిమితే 45 మైళ్లు. అదే లెక్కలో వయసు తేడా ఇంకా కలవరపెడుతుంది. ముప్పై ఏళ్లవారికి 35 మైళ్ల దెబ్బ ఎంత ప్రాణాంతకమో, డెబ్బై ఏళ్లవారికి 25 మైళ్ల దెబ్బ అంత ప్రాణాంతకం.

సిగ్నలు దగ్గర కూడా ఇదే తేడా. పాదచారి సెకనుకు 3.5 అడుగులు నడుస్తాడని అనుకుని అమెరికాలో సిగ్నళ్ల సమయం కడతారు. 2009కి ముందు 4 అడుగులు అనుకునేవారు. ఒక్కోటి 12 అడుగులుండే ఆరు లేన్ల రోడ్డు 72 అడుగులు. లెక్క ప్రకారం దాటడానికి 21 సెకన్లు చాలు. మోకాళ్ల నొప్పులతో సెకనుకు 2.6 అడుగులు నడిచే పెద్దావిడకు దాదాపు 28 సెకన్లు కావాలి. కార్లు కదిలే సమయానికి ఆవిడ ముందు ఇంకా ఒకటిన్నర లేను ఉంటుంది. అమెరికాలో పాదచారుల మరణాలు 2009లో 4,109. 2022లో అవి 7,500 దాటాయి. రోడ్లు వెడల్పయ్యే కొద్దీ, కార్లు బరువెక్కే కొద్దీ ఆ అంకె పెరుగుతూ వచ్చింది.

నడకకు పలికే ధర

నడవడానికి వీలుండాలన్న కోరిక జనంలో లేదనుకుంటే పొరపాటు. 2009లో జో కార్ట్‌రైట్ 15 మహానగర ప్రాంతాల్లోని ఇళ్ల అమ్మకాలను పరిశీలించారు. 13 చోట్ల వాక్ స్కోరు పెరిగే కొద్దీ ఇంటి ధర పెరిగింది. సాధారణంగా ఒక్కో మార్కుకు 700 నుంచి 3,000 డాలర్ల దాకా. అడిగేవాళ్లు ఎక్కువ, అలాంటి పేటలు తక్కువ కావడమే ఈ ధరకు కారణం.

క్యారీ కూడా ఈ గిరాకీని గుర్తించింది. 2017లో ఆమోదించిన పట్టణ ప్రణాళికలో ఇళ్లూ దుకాణాలూ కలిసే కేంద్రాలకు చోటిచ్చింది. 2022లో ఫెంటన్ అనే అలాంటి కేంద్రాన్ని తెరిచారు. ఊరికి పేరిచ్చిన శామ్యూల్ ఫెంటన్ క్యారీ పేరులోని ఫెంటనే అది. లోపల విశాలమైన కాలిబాటలు, రెస్టారెంట్లు, పైన ఇళ్లు ఉంటాయి. 2023 నవంబరులో పాత ఊరి నడిబొడ్డున దాదాపు 7 కోట్ల డాలర్లతో ఏడెకరాల డౌన్‌టౌన్ క్యారీ పార్కు తెరిచారు. రెండూ చూడముచ్చటగా ఉంటాయి. కానీ ఊళ్లో చాలామంది అక్కడికి కారులో వెళ్లి, కారు నిలిపి, అప్పుడు నడుస్తారు. వాటి పక్కనే ఇల్లు తీసుకోగలిగినవారికి రోజూ నడక దొరుకుతుంది. వాళ్లు సాధారణంగా కారు కూడా కొనగలిగినవారే. నడిచే వీలు ఎక్కువ అవసరమైనవారికి అక్కడి అద్దె అందదు.

చరిత్రలో ఇంకో మలుపు కూడా ఉంది. క్యారీకి దగ్గరలోని డర్హమ్‌లో హేటీ అనే నల్లజాతివారి పేట ఉండేది. ఇళ్లు, దుకాణాలు, చర్చిలు, సినిమా హాళ్లు అన్నీ నడిచే దూరంలో ఉండేవి. నేటి ప్రణాళికా నిపుణులు కలలు కనే పేట అచ్చంగా అలాంటిదే. 1960, 70ల్లో పట్టణ పునరుద్ధరణ పేరుతో, డర్హమ్ ఫ్రీవే అనే హైవే కోసం దాన్ని కూల్చారు. నాలుగు వేలకు పైగా కుటుంబాలు, 500 దాకా వ్యాపారాలు చెదిరిపోయాయి. శివారు కాలనీల నుంచి ఆఫీసులకు కార్లలో వెళ్లేవారి నిమిషాలు తగ్గడానికి, నడవడానికి వీలున్న పేటలో ఉన్నవారి పేటే పోయింది.

మన వైపు లెక్క తలకిందులు

హైదరాబాదు, విజయవాడ, విశాఖల్లో పరిస్థితి క్యారీకి సరిగ్గా ఎదురు. వెళ్లే చోట్లన్నీ దగ్గరే. సందు చివర కిరాణా కొట్టు, మలుపులో మందుల షాపు, ఆ పక్కన టీ బంకు. లేనిది బాట. పట్టణ కాలిబాట మీద అడ్డంకుల్లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని, ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల్లో ఉంది. మన ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మరు, ఫ్లెక్సీ, బండ్ల పార్కింగు పోగా మిగిలింది ఎవరికి వారు కొలుచుకోవచ్చు. 2022లో దేశంలో 32,825 మంది పాదచారులు రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. మొత్తం రోడ్డు మరణాల్లో దాదాపు ఐదో వంతు. పాదచారులకు సరైన ఫుట్‌పాత్ ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం కింద హక్కేనని 2025 మే నెలలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

క్యారీలో గ్రీన్‌వేకి కారులో వెళ్లి నడిచేవారిని చూసి నవ్వొస్తే, పొద్దున ఆరింటికి హైదరాబాదు కేబీఆర్ పార్కు చుట్టూ ఆగిన కార్లను కూడా చూడాలి. అదే సమయానికి బస్తీ నుంచి బంజారాహిల్స్ ఇళ్లలో పనికి వెళ్లే ఆమె, ఆ కార్ల పక్కనే రోడ్డు అంచున నడుస్తూ ఉంటుంది. ఇద్దరూ నడుస్తున్నారు. అడుగులు లెక్కపెట్టే ఫోనుకు తేడా తెలియదు. ఒకరిది ఎంచుకున్న నడక, ఇంకొకరిది తప్పని నడక. అందుకే నడక ఎక్కువగా ఉన్నంత మాత్రాన ఊరు న్యాయంగా ఉన్నట్టు కాదు. కారు ఉన్నవారు కూడా నడవాలనిపించేలా, లేనివారు భయం లేకుండా నడవగలిగేలా ఉన్నప్పుడే ఆ మాట అనగలం.

ఎక్కడ మొదలుపెట్టాలి?

క్యారీ వంటి ఊరిని పడగొట్టి వలలా మళ్లీ గీయలేం. చెట్టులాంటి పటంలో కొమ్మకూ కొమ్మకూ మధ్య అక్కడక్కడ చిన్న లంకెలు వేయవచ్చు. రెండు కల్-డి-సాక్‌ల మధ్య ఆరడుగుల వెడల్పు బాట ఒక్కటి వేస్తే మైలు చుట్టు వంద గజాలకు తగ్గుతుంది. కార్లు అటు రావు కనుక వీధి ప్రశాంతత చెడదు. చిక్కల్లా, ఆ బాట ఎవరి పెరటి పక్క నుంచి పోవాలన్నది. పెద్ద రోడ్ల మధ్యలో ఆగడానికి ఒక దిమ్మె కడితే, సిగ్నలుకు ఏడెనిమిది సెకన్లు కలిపితే పెద్దవాళ్లు రోడ్డు దాటగలరు. కాలనీ మొదట్లో చిన్న కొట్టుకు అనుమతిస్తే బాటకు గమ్యం దొరుకుతుంది. రవాణా కోసం అర శాతం అమ్మకపు పన్నుకు 2016లో క్యారీ ఉన్న వేక్ కౌంటీ ఓటర్లే ఒప్పుకున్నారు. మోరిస్‌విల్ 2021 నుంచి పిలిస్తే వచ్చే ఉచిత షటిల్ నడుపుతోంది. ఇవన్నీ చిన్న పనులే. ఏ పేటలో ముందు చేస్తారన్న దగ్గరే న్యాయం తేలుతుంది.

ఈ లెక్క మీ కాలనీలో మీరే వేయవచ్చు. మీ గుమ్మం నుంచి కూరగాయల కొట్టుకు, బస్టాపుకు, డాక్టరు దగ్గరికి ఫోను పటంలో సూటి దూరం చూడండి. తర్వాత నడక దారి దూరం చూడండి. రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. 1.3 దగ్గర వస్తే వీధుల అమరిక బాగున్నట్టు. 2 దాటితే ఎక్కడో ఒక లంకె లోపించినట్టు. అది ఎక్కడో పటంలోనే కనిపిస్తుంది. అదే దారిలో ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచేవారితో ఒకసారి వెళ్లి, వాళ్లు ఏ చోట ఆగిపోయారో రాసుకోండి. మునిసిపాలిటీకి అర్జీ పెట్టడానికి ఆ కాగితం పనికొస్తుంది.

ఊరి నడక మార్కు ఎంతని అడిగితే అధికారులు సగటు చెబుతారు. సగటు క్యారీకైనా కరీంనగర్‌కైనా గౌరవంగానే ఉండొచ్చు. అన్నిటికంటే తక్కువ మార్కు ఏ పేటకు వచ్చింది, పగటి పూట అక్కడ కారు తాళం లేని మనుషులు ఎందరున్నారు, వచ్చే ఏడాది బడ్జెట్లో ఆ పేటకు ఎంత కేటాయించారు అన్నవి అధికారులను మనం అడగాల్సిన ప్రశ్నలు.